మంజులత తెచ్చిన కుంట మట్టి

మా పక్కింటి పోసవ్వ బిడ్డ మంజులత హైదరాబాద్‌లో ఎమ్మెస్సీ చదివి, 1978 ఎండాకాలంలో భుజాన ఇనుప గొట్టంతో బాన్సువాడలో బస్సు దిగింది. ఆడపిల్ల గొట్టంతో దిగితే నేను ఊరుకుంటానా? చేతిలో చేట అక్కడే పడేసి వెళ్లాను.

"ఏందే బిడ్డ, బోరు ఏస్తవా?"

"కాదు పెద్దవ్వా, కుంట అడుగు మట్టి తీస్త. ఒక్కో పొరల ఒక్కో కాలం పుప్పొడి ఉంటది. ఏనాడు ఏ చెట్లుండెనో దాంతోని తెలుస్తది."

"చెట్లను పూడ్చిన బొందలగడ్డ అను మల్ల!"

"గంతే అనుకో."

యూనివర్సిటీలో రీసెర్చి సీటు ఒక్కటే, అడిగేవాళ్లు ఇద్దరు, మంజులతా ఇంకో పిల్లా. మట్టి చూశాకే ఎవరికన్నది చెప్తానన్నాడట వాళ్ల సారు. మా దగ్గర ఎండిన చెరువుల మట్టిని ఏటా బండ్లతో పొలాలకు తోలుకుంటారు. అందుకని ఎవరూ తవ్వని కుంట కోసం తండాల వెంట తిరిగి తిరిగి పిల్ల నల్లబడిపోయింది. ఆఖరికి ఒకటి దొరికింది. తండా భిక్యా సాయం పట్టగా గొట్టం దించి, మట్టిని విరగకుండా తీసి, తడిగుడ్డలు చుట్టి, ఇంటి వసారాలో వరుసగా పరిచింది. పెట్టెలు చేయించుకోవడానికి వడ్రంగి ముత్తెన్న దగ్గరికి వెళ్లింది.

తిరిగొచ్చేసరికి వంటింట్లో కొత్త పొయ్యి!

పాత పొయ్యి పగిలి పోసవ్వ పొగతో చస్తోంది. కుంట మట్టితో వేసిన పొయ్యి పగలదని మా ఆడవాళ్ల నమ్మకం. సారు చూడ్డానికి చిప్పెడు చాలదా అనుకొని, చిప్పెడు పక్కన పెట్టి, మిగతాదంతా నీళ్లు చల్లి పిసికేసింది.

మంజులత గడపలోనే కూలబడింది.

"పలగ్గొట్టి మల్ల ఇయ్యనా బిడ్డ?" పోసవ్వ రోకలి అందుకుంది.

"మీది పొర కిందికి, కింది పొర మీదికి అయిపాయె అవ్వా. ఇగ ఏది ఏ కాలందో ఎవరు చెప్తరు?"

ఆ రాత్రే వాన దంచికొట్టింది. మరునాడు గొట్టం ఎత్తుకొని మళ్లీ బయల్దేరితే నేనూ వెంట నడిచాను. కుంట నిండా ఎర్రనీళ్లు.

"ఎండేదాంక ఆగుమని మీ సారుకు రాయరాదే?"

"మల్ల ఎండేది వచ్చే ఏడే పెద్దవ్వా."

సీటు ఆ రెండో పిల్లకు పోయింది. మంజులతకు బిచ్కుంద బడిలో పని దొరికింది. సాయంత్రం బస్సు దిగి, చెప్పులైనా విడవకుండా పొయ్యి పక్కన గోడకు ఒరుగుతుంది.

"మంచిగ మండుతుందా బిడ్డ?" పోసవ్వ రోజూ అడుగుతుంది, అడగకుండా ఉండలేదు.

"మంచిగనే మండుతుందవ్వా," అంటుంది మంజులత, కళ్లు తెరవకుండానే.