తాళం లేని మంచె

మా కంకర రోడ్డు చివర, దేవదారు చిత్తడికి ఆనుకుని ఉన్న ఎర్ర ఇల్లు ఐనార్ మాకెలాది. అతని తాత ఆ ఇంటికన్నా ముందు ఆవిరి స్నానాల గది కట్టి, అందులోనే ఒక చలికాలం గడిపాడట. ఐనార్ పుట్టింది కూడా ఆ గదిలోనే. కాగితం మిల్లులో చేరి, అక్కడే ఎడమ చేతి బొటనవేలు పోగొట్టుకుని, అక్కడే రిటైరయ్యాడు. మనిషి పొడుగు, మాట పొట్టి. నన్ను అక్కా అంటాడు. అతని భార్య లెంపీ వదినా అంటుంది. వాళ్ళింట్లో పొయ్యి మీద ఏముందో నాకూ, మా ఇంట్లో ఏముందో లెంపీకీ ఎప్పుడూ తెలుసు.

ఐనార్‌కి జీవితంలో ఇష్టమైనవి రెండే. నవంబరులో జింకల వేట, మార్చిలో మేపుల్ చెట్ల పాలు కాచి పాకం తీయడం. రెండింటిలోనూ పక్కన ఉండేది ఒక్కడే, క్లెమ్ ఒసోవ్‌స్కీ. మిల్లులో పక్క మిషన్ అతనిది. రోడ్డు మీద అవతలి చివర ఇల్లు. వీళ్ళిద్దరూ చిత్తడికి చెరోవైపు చెట్టు మీద మంచె కట్టుకుని కూర్చుంటారు. ఎవరు జింకను కొడితే వాళ్ళు దాని కాలేయం తీసి రెండోవాడి ఇంటికి పంపాలి. అది అక్కడ ఉల్లిపాయలతో వేగితేనే వేట మొదలైనట్టు. ఈ పద్ధతి ఎవరు పెట్టారో వాళ్ళకే తెలీదు.

వెనకటి రోజుల్లో మంచెలంటే చెక్కముక్కలే. చెట్టుకు మేకులు కొట్టి పలకలు వేసుకునేవాళ్ళు. వాటిని ఎవరూ ఎత్తుకుపోలేదు, ఎత్తుకుపోవడానికి అక్కడ ఏముంది? ఐనార్‌కి మోకాళ్ళు పట్టేశాక, రిటైరైన ఏడాది, పిల్లలంతా కలిసి ఒక ఇనుప మంచె కొనిచ్చారు. మెత్తటి సీటు, కాళ్ళు ఆనించుకునే పలక, చెట్టుకు బిగించే పట్టీ. దాన్ని చిత్తడి ఒడ్డున బాట పక్కనే కట్టాడు. వేట మొదలయ్యే రోజు తెల్లారేసరికి చెట్టుంది, మంచె లేదు. పట్టీ కోసేసి కింద పడుంది.

ఆ రోజు అతను వేటాడలేదు. ఆ చెట్టు మొదట్లో కూర్చుని, తెచ్చుకున్న కాఫీ తాగేసి ఇంటికొచ్చేశాడు. "దుప్పి పోతే పోనీ. కూర్చునే చోటు పట్టుకుపోయాడు చూడక్కా, వాడెలాంటివాడు?" అన్నాడు నాతో.

మరుసటి ఏడాది సొంత డబ్బుతో ఇంకోటి కొన్నాడు. అప్పటినుంచి అతనికి దొంగే లోకమైపోయాడు. ఈసారి మంచెను బాటకు దూరంగా, అడ్డంగా పడ్డ మాను వెనక, ఎవరూ నడవని వైపు కట్టాడు. పట్టీతోపాటు గొలుసు చుట్టి, వాన పడినా తుప్పు పట్టని తాళం వేశాడు. ఎక్కే మెట్లలో కిందివి రోజూ విప్పి భుజాన వేసుకుని ఇంటికి తెచ్చేవాడు. మంచె అడుగున, సీటు కింద, పలక వెనక, ఇనుములోకే తన పేరు చెక్కాడు. మెరిసే చోటల్లా మట్టిరంగు పూశాడు. పక్క చెట్టు మీద మనిషి చేయి అందని ఎత్తులో, కిందికి చూసేలా ఒక కెమెరా కట్టాడు. ఏది కదిలినా అది బొమ్మ తీస్తుంది.

శుక్రవారం సాయంత్రాలు మేమంతా డెలోరిస్ నడిపే బారులో వేయించిన చేప తినడానికి చేరతాం. అక్కడ ఐనార్ పాఠం చెప్పేవాడు.

"తాళం ఒక్కటే వేస్తే వాడికి కత్తెర తెమ్మని చెప్పినట్టే. ముందు కనబడకూడదు. కనబడినా ఎక్కలేకపోవాలి. ఎక్కినా విప్పలేకపోవాలి. విప్పినా అమ్ముకోలేకపోవాలి."

"అన్నీ చేసి నువ్వే ఎక్కలేకపోతున్నావు కదరా! పొద్దున్నే నువ్వు ఆ మెట్లు బిగించే చప్పుడికి జింకలన్నీ నా వైపే వస్తున్నాయి. అలాగే కానివ్వు, నాకు బానే ఉంది" అన్నాడు క్లెమ్.

"నవ్వు. నీది పోయినప్పుడు తెలుస్తుంది."

"నాదెవడికి కావాలి, చెక్కది! నువ్వు పోయాక నీదే నేను తీసుకుంటాను. సీటు మెత్తగా ఉంది."

బారంతా నవ్వింది. ఐనార్ కూడా నవ్వాడు. ఆ నవ్వు నాకింకా గుర్తుంది.

ఆ మరుసటి నవంబరులో వేట మొదలైన వారానికే ఐనార్‌కి గుండెలో నొప్పి వచ్చింది. పట్నం ఆసుపత్రిలో రొమ్ము కోసి, కుట్టి, క్రిస్మస్ ముందు ఇంటికి పంపారు. క్లెమ్ ఆసుపత్రికి వెళ్ళలేదు. అతని తమ్ముడు అదే ఆసుపత్రిలో పోయాడు. అప్పటినుంచి ఆ వీధిలోకి కూడా వెళ్ళడని నాకు తెలుసు. ఐనార్‌కీ తెలుసు. కానీ మంచం మీద పడుకున్నవాడికి తెలిసినవన్నీ గుర్తుండవు.

"ఒక్కసారి రాలేదక్కా" అన్నాడు, నేను పులుసు తీసుకెళ్ళినప్పుడు.

"వాకిట్లో మంచు ఎవరు తోస్తున్నారనుకుంటున్నావు?"

"తోస్తే చెప్పాలి కదా."

ఇది విని నాకు నవ్వొచ్చింది. మా రోడ్డు మీద చేసిన సాయం చెప్పుకునే అలవాటు ఎవరికుంది? మంచు తోసినవాడు ఇంటివాళ్ళు లేవకముందే వెళ్ళిపోతాడు. కట్టెలు పేర్చినవాడు వెనక దారిన పోతాడు. చెప్పుకుంటే కృతజ్ఞత అడుక్కున్నట్టు అనుకుంటారు. ఐనార్ ఎంతమందికి అలా చేశాడో! నా పైకప్పు రేకు మార్చింది అతనేనని నాకు తెలియడానికి ఒక ఏడాది పట్టింది, అదీ నేను అందరినీ పట్టుకుని అడగబట్టి.

జనవరిలో, డాక్టరు వద్దన్నా వినకుండా, ఐనార్ మంచుబూట్లు కట్టుకుని చిత్తడిలోకి వెళ్ళాడు. మంచె లేదు. గొలుసు లేదు. చెట్టు చుట్టూ పట్టీ ఒరుసుకున్న గీత మాత్రం ఉంది. కెమెరా ఉంది. దాన్ని దింపలేక లెంపీని పిలిచాడు, లెంపీ నన్ను పిలిచింది. నిచ్చెన నేను పట్టుకున్నాను, లెంపీ ఎక్కింది.

కెమెరాలో బొమ్మలు కంప్యూటర్‌లో పెట్టి చూశాం. ఒక నక్క. ఆడజింకలు. తర్వాత భుజాన నిచ్చెనతో క్లెమ్. చేతిలో గొలుసులు తెంచే పెద్ద కత్తెరతో క్లెమ్. వీపున మంచె కట్టుకున్న క్లెమ్. చివరి బొమ్మలో కెమెరా వైపు తలెత్తి, చెయ్యి ఊపుతున్నాడు.

ఐనార్ ముఖం పాలిపోయింది.

"చెయ్యి ఊపుతున్నాడు. నేను చచ్చేదాకా కూడా ఆగలేదు, పైగా చెయ్యి ఊపుతున్నాడు."

"ఒరే ఐనార్, ఆ కెమెరా కట్టేటప్పుడు కింద నిచ్చెన పట్టుకున్నదెవరు?" అన్నాను.

"క్లెమ్."

"మరి అక్కడ కెమెరా ఉందని తెలిసినవాడు దాని ముందుకొచ్చి దొంగతనం చేస్తాడా? వెళ్ళి అడుగు."

"దొంగని అడగడమేంటక్కా?"

"మంచె ఎక్కడుందని అడుగు. అంతే."

లెంపీ కూడా చెప్పింది. అతను వినలేదు. మొదటి మంచె పోయినప్పటినుంచి అతను లోపల ఒక దొంగను పెంచుకుంటూ వచ్చాడు. ముఖం లేని దొంగ. ఇన్నాళ్ళకు వాడికి ముఖం దొరికింది.

ఆ శుక్రవారం అతను ఆ చివరి బొమ్మను కాగితం మీద అచ్చు తీయించి, బారులో జింక కొమ్ముల ఫొటోలు గుచ్చే పలక మీద మధ్యలో గుచ్చాడు. కింద 'మంచె దొంగ' అని రాశాడు. నేను వెళ్ళేసరికే అయిపోయింది. డెలోరిస్ తీసేయబోతే, "తీస్తే ఇంక నీ బారుకి రాను" అన్నాడట.

క్లెమ్, అతని భార్య వెర్నా వచ్చారు. క్లెమ్ టోపీ తీసి, మంచు దులిపి, పలక దగ్గరకెళ్ళి చూశాడు. చాలాసేపు చూశాడు.

"బొమ్మ బాగా వచ్చింది. ముక్కే కొంచెం పెద్దగా పడింది" అన్నాడు.

ఎవరూ నవ్వలేదు. ఐనార్ వైపు తిరిగి నిలబడ్డాడు. ఏదో ఒక మాట కోసం చూస్తున్నవాడిలా నిలబడ్డాడు. ఐనార్ పళ్ళెంలోకే చూస్తున్నాడు.

"సరే" అని టోపీ పెట్టుకున్నాడు క్లెమ్. వెర్నా కోటు గుండీలు కూడా విప్పలేదు. అలాగే వెళ్ళిపోయారు.

నేను ఊరుకుంటానా? మర్నాడు రొట్టె చేసి పట్టుకెళ్ళాను. క్లెమ్ కట్టెలు చీలుస్తున్నాడు.

"తీశావా?"

"బొమ్మలో ఉన్నది నేనే కదక్కా."

"ఎక్కడ పెట్టావు?"

గొడ్డలి మొద్దులో దింపి వదిలేశాడు. "వాణ్ణి అడగమను."

"నాకు చెబితే నేను చెబుతాను."

"నీకు చెబితే ఊరంతటికీ చెప్పినట్టే. అప్పుడు ఊరు వాడికి చెబుతుంది. వాడు అడిగినట్టు కాదు." చీల్చిన కట్టె ఒకటి పక్కకు విసిరి అన్నాడు, "దొంగా అన్నాడు, పర్లేదు. ఎందుకు తీశావురా అని ఒక్కమాట అనలేదు."

ఈ మాట ఐనార్‌కి చేరవేశాను. "కథలు" అన్నాడు. వాకిట్లో మంచు అతనే తోసుకోవడం మొదలుపెట్టాడు, కుట్లు ఆరని రొమ్ముతో. లెంపీ కిటికీలోంచి చూస్తూ ఏడ్చేది.

మార్చి వచ్చింది. పగలు ఎండ, రాత్రి గడ్డకట్టే చలి. చెట్లలో పాలు ఊరే కాలం. ఐనార్ ఇంటి వెనక మేపుల్ తోపులో పాకం కాచే పాక ఉంది. దాన్ని ఏప్రిల్లో మూస్తే మళ్ళీ మార్చి దాకా ఎవరూ తెరవరు. తలుపు ముందు మంచు నడుందాకా పేరుకుంటుంది. ప్రతి ఏడూ క్లెమ్ తవ్వేవాడు, ఐనార్ తెరిచేవాడు. ఆ ఏడు లెంపీ, నేను తవ్వాం.

తలుపు తీయగానే ఐనార్ గుమ్మంలోనే ఆగిపోయాడు. నేను అతని చంక కిందనుంచి తొంగిచూశాను.

పాకం కాచే పెద్ద పెనం పైన, దూలానికి, తడి తగలకుండా గుడ్డ చుట్టి మంచె వేలాడుతోంది. కీళ్ళకు నూనె రాసి ఉంది. ఉడతలు కొరికిన పాత పట్టీ స్థానంలో కొత్త పట్టీ ఉంది. మెత్తటి సీటు ఎలుకలు కొట్టకుండా, చెట్టుపాలు పట్టే మూత బాల్చీలో పెట్టి ఉంది. అదే బాల్చీలో తెగిన గొలుసు, కొత్త తాళం, దానికే దారంతో కట్టిన తాళంచెవి. పక్కనే కౌంటీ అటవీశాఖవాళ్ళు చెట్లకు అంటించే పసుపు కాగితం ఒకటి మడతపెట్టి ఉంది. వేట ముగిశాక చెప్పిన గడువులోగా మంచె దింపకపోతే తామే దింపి పట్టుకుపోతామని ప్రతి ఏడూ అంటించే కాగితమే అది. ఆ చిత్తడి కౌంటీ సర్కారుది. గడువు అయ్యేనాటికి ఐనార్ ఆసుపత్రిలో ఉన్నాడు, తాళంచెవులు అతని ప్యాంటు జేబులో ఉన్నాయి. అతను మరిచిపోయాడు. మేమంతా మరిచిపోయాం. క్లెమ్ ఒక్కడు మరిచిపోలేదు.

"కెమెరా చెబుతుందనుకున్నాడు" అంది లెంపీ మెల్లగా. "అందుకే చెయ్యూపాడు."

ఐనార్ పెనం అంచు మీద కూర్చుండిపోయాడు. బొటనవేలు లేని చేత్తో ముఖం కప్పుకున్నాడు.

వెంటనే బయల్దేరదీశాను. కారు నేనే నడిపాను. అతను దిగి తలుపు కొడుతుంటే నేను అద్దం దించుకుని కూర్చున్నాను. చలి వేసింది, అయినా దించుకునే కూర్చున్నాను.

క్లెమ్ తలుపు తీశాడు.

"దొరికిందా?"

"దొరికింది."

"మంచిది. పట్టీ మార్చాను. పాతది ఉడతలు కొరికేశాయి. దాని మీద కూర్చుని ఉంటే కింద పడేవాడివి."

"క్లెమ్, తప్పయిపోయిందిరా. బొమ్మ తీసేయించాను..." బయల్దేరే ముందే బారుకి నాతో ఫోన్ చేయించాడు మరి. "ఎందుకు తీశావు, ఎక్కడ పెట్టావు అని అడగాల్సింది. ఇప్పుడు అడుగుతున్నాను."

"ఇప్పుడు నీకు తెలుసు కదరా." గొంతులో కోపం లేదు. దానికే నాకు భయం వేసింది. "చెట్లలో పాలు బాగా కారుతున్నాయి, వెళ్ళు. పెనం ఖాళీగా ఉంచకు."

తలుపు విసిరి వేయలేదు. మెల్లగా, గొళ్ళెం చప్పుడు కాకుండా వేశాడు.

ఆ ఏడు పాకం కొంచెం మాడింది. ఒక్కడే కాస్తే అంతే. ఒక సీసా క్లెమ్ గుమ్మంలో పెట్టి వచ్చాడు ఐనార్. వెర్నా తీసుకుంది. నవంబరులో ఐనార్‌కి మంచి మగజింక పడింది. కాలేయం కాగితంలో చుట్టి తీసుకెళ్ళి క్లెమ్ తలుపు పిడికి తగిలించాడు. సాయంత్రానికి అది తిరిగొచ్చి ఐనార్ తలుపు పిడికి వేలాడుతోంది. కాగితం మడతలు కూడా చెదరలేదు. రోడ్డు మీద ఎదురుపడితే క్లెమ్ చెయ్యెత్తుతాడు. అపరిచితులకు కూడా ఎత్తుతాడు అలాగే.

ఇప్పుడు ఐనార్ మంచె మళ్ళీ ఆ మాను వెనకే ఉంది. మొన్న నేను పుట్టగొడుగుల కోసం అటు వెళ్తూ చూశాను. గొలుసు లేదు. తాళం లేదు. కెమెరా లేదు. కింది మెట్లు చెట్టుకే ఉన్నాయి, చిన్నపిల్లవాడైనా ఎక్కేలా. సీటు మీద ఎండుటాకులు రాలి ఉన్నాయి, ఎవరూ కూర్చోక.

వస్తూ వస్తూ ఎర్ర ఇంటి దగ్గర ఆగాను.

"ఏరా, బారంతటికీ పాఠాలు చెప్పావు. అలా వదిలేశావేంటి? ఎవడైనా ఎత్తుకుపోతే?"

ఐనార్ కట్టెలు పేర్చడం ఆపలేదు.

"ఎవడైనా వస్తే కదక్కా, ఎత్తుకుపోడానికి" అన్నాడు. ఇంకో కట్టె పేర్చి, రోడ్డు అవతలి చివర క్లెమ్ ఇంటి పొగ గొట్టం వైపు చూసి, "సీటు మెత్తగా ఉందన్నాడు కదా వాడు" అన్నాడు.