రాజధానిలో వెల్డా కొన్న పల్లెటూరి ఇల్లు

యాభై దాటినా వెల్డా హచ్‌క్రాఫ్ట్‌కు సొంత ఇల్లంటూ లేదు. టిల్‌ఫర్డ్ కౌంటీలో బడి బస్సు నడిపేది. చెల్లెలు నొరీన్ పెరట్లో, వానొస్తే రేకు డబ్బాలా మోగే చక్రాల ట్రైలర్ ఇంట్లో కాపురముండేది. ఆమె బస్సెక్కి బడికెళ్లిన పిల్లలు పెద్దవాళ్లై, పెళ్లిళ్లు చేసుకుని, ఇళ్లు కట్టుకుని, ఆ ఇళ్ల గురించి ఆమె దగ్గరే గొప్పలు చెప్పేవారు. విని, గేరు కాస్త గట్టిగా వేసేది.

అలాంటప్పుడు అదే కౌంటీలోని మార్వెల్ ఊళ్లో వాగు పక్కన చిన్న తెల్లటిల్లు అమ్మకానికొచ్చింది. బ్యాంకులో జోలీన్ అనే అమ్మాయి పనిచేస్తుంది. చిన్నప్పుడు వెల్డా బస్సులో వెనక సీటు చింపిన ఘనురాలు. పల్లెల్లో ఇల్లు కొనే మామూలు జీతగాళ్ల బ్యాంకు అప్పుకు ప్రభుత్వమే హామీ ఉంటుందనీ, ముందుగా చేతి నుంచి పెట్టాల్సింది ఏమీ లేదనీ ఆ అమ్మాయే చెప్పింది. ఇల్లు గట్టిగా ఉండాలి, ఊరు పల్లెటూరై ఉండాలి. అంతే.

మార్వెల్ పల్లెటూరు కాదని ఆవులు కూడా అనవు. ఒక చర్చి, ఒక దాణా కొట్టు, రోడ్డుకడ్డంగా పడుకునే పశువులు. కాని ఎమ్మెట్ రౌష్ మాత్రం ఒప్పుకోడు. ఆయన ఊరి చరిత్ర సంఘానికి అధ్యక్షుడు. ఒకప్పుడు కౌంటీకి రాజధాని మార్వెలే. తాతల తాతల కాలంలో పక్క ఊరు లార్టన్ వాళ్లు ఎద్దుల బండి తోలుకొచ్చి సర్కారు కచేరీ కాగితాలన్నీ ఎత్తుకుపోయారు. కాగితాల వెనకే కచేరీ, కచేరీ వెనకే రైలూ లార్టన్‌కు పోయాయి. ఈ మార్పును ఎమ్మెట్ ఇంకా గుర్తించలేదు. ఏటా ఆకులు రాలే కాలంలో పండగ పెట్టి ఆ దొంగతనాన్ని ఊళ్లో నాటకంగా ఆడిస్తాడు. చరిత్రలో దొంగలు తప్పించుకున్నారు. ఎమ్మెట్ నాటకంలో ఏటా దొరికిపోయి, గడ్డి బండిలో ఊరేగుతారు.

అప్పు ఇచ్చే ముందు ఇంటికి విలువ కట్టడానికి బ్యాంకు పంపే మనిషి సరిగ్గా ఆ పండగ శనివారమే వస్తున్నాడని వెల్డాకు తెలిసింది. పర్సిమన్ పండ్ల పుడ్డింగ్ చేసి ఎమ్మెట్ ఇంటికి పట్టుకెళ్లింది.

“బాబాయ్, ఆ ఒక్క పూటా మనది పల్లెటూరని ఒప్పుకో.”

“నా నోటితోనా?”

“ఒప్పుకోకపోతే పోనీ, నోరు మూసుకున్నా చాలు.”

ఎమ్మెట్ పుడ్డింగ్ తిన్నాడు గాని మాటివ్వలేదు.

శనివారం ఆ విలువ కట్టే మనిషి, లైల్ పెన్నాక్ అనే సన్నపాటి ఆయన, పొద్దున్నే వచ్చాడు. టేపు పట్టుకుని గదులు కొలిచాడు, కుళాయిలు తిప్పాడు, గోడల మీద వేలితో కొట్టి విన్నాడు. మొహంలో ఏ సంగతీ తెలియనివ్వలేదు. పనయ్యాక దాహమేసి దాణా కొట్టుకు వెళ్లాడు. అక్కడ ఎమ్మెట్ దిగులుగా కూర్చుని ఉన్నాడు. ఏటా దొంగ వేషం కట్టే మనిషికి ఆ పొద్దున్నే నడుం పట్టేసింది. అలవాటు కొద్దీ ఏ ఊరని లైల్‌ను అడిగాడు. లైల్ ఉన్నమాటే చెప్పాడు, లార్టన్ అని.

తర్వాత ఇంకేం చెప్పినా లాభం లేకపోయింది. దొంగ దొరికాడంటూ నలుగురు కలిసి ఆయన్ను ఎత్తి గడ్డి బండిలో కూలేశారు. తాను ఇంటికి విలువ కట్టడానికి వచ్చానని లైల్ మొత్తుకున్నాడు. వేషం ఇంత బాగా ఏ ఏడూ కుదరలేదని జనం మురిసిపోయి చప్పట్లు కొట్టారు.

తెల్లటింటి వసారాలో నిలబడిన వెల్డాకు ముందు బ్యాండు మేళం కనబడింది. దాని వెనక ఎమ్మెట్ తోలుతున్న ట్రాక్టరు, ట్రాక్టరు వెనక గడ్డి బండి, గడ్డిలోంచి తన ఇంటిని కొలిచిన మనిషి తల. ముసలివాళ్లను పండగకు తెచ్చిన బడి బస్సు పక్కనే ఉంది. అందులోకి దూకి, వెనక సందు తిప్పి, ఊరేగింపు కంటే ముందు వాగు మీది వంతెన చేరింది. బస్సు ఆపి, ఎర్ర దీపాలు వెలిగించి, బస్సు పక్కన ఉండే, ‘ఆగు’ అని రాసిన ఎర్రటి పలకను బయటికి చాపింది. ఆ పలక బయటికుంటే ఎవరూ బస్సు దాటకూడదని చట్టం. లార్టన్‌లో తయారైన ఏ చట్టాన్నీ లెక్కచేయని ఎమ్మెట్ కూడా ఇన్నేళ్లలో ఆ పలకను దాటి ఎరగడు. ట్రాక్టరు ఠక్కున ఆగింది. బండి ట్రాక్టరును గుద్దింది. బ్యాండులో పెద్ద బాకా ఊదే ఆయన ముందు నడుస్తున్న చర్చి పాస్టరు వీపును గుద్దాడు.

“ఆయన్ని దించు బాబాయ్,” అంది వెల్డా బస్సు దిగుతూ.

“వీడు లార్టన్ వాడే.”

“అయితే అయ్యాడు. నా ఇల్లు ఆయన చేతిలో ఉంది.”

ఎమ్మెట్ టోపీ సర్దుకుని లైల్ వైపు తిరిగాడు. వెల్డా కళ్లు మూసుకుంది.

“చూడు నాయనా, ఇది పల్లెటూరు కాదు. ఈ కౌంటీకి రాజధాని. అలాగే రాసుకో.”

లైల్ నోట్లోని గడ్డి ఉమ్మేశాడు. “అది తేల్చేది నేను కాదండీ. ఏది పల్లెటూరో ప్రభుత్వం మ్యాపులో ఎప్పుడో గీసేసింది. నేను ఇల్లు చూసి పోవడమే.”

“ఏమని గీసింది?”

లైల్ చుట్టూ చూశాడు. ఎవరిదో ఆవు ఒకటి వచ్చి, ఆయన కూర్చున్న గడ్డినే ఆయన కిందనుంచి లాగి తింటోంది.

“నన్ను అడక్కండి సార్,” అన్నాడు మర్యాదగా.

ఇల్లు గట్టిదేనని లైల్ తేల్చాడు. రెండు మరమ్మతులు మాత్రం అడిగాడు: పెచ్చులూడుతున్న రంగు గీకి కొత్తది వేయాలి, వసారా మెట్లకు పట్టుకునే రెయిలింగ్ పెట్టాలి. రంగు సంగతి ఇల్లమ్మేవాళ్లు చూసుకున్నారు. రెయిలింగ్ కోసం ఒక ఉదయం ఎమ్మెట్ ఎవరూ పిలవకుండానే కొయ్యలూ రంపమూ మోసుకొచ్చాడు. క్షమాపణ ఆయనకు చేతకాదు. రాజధానిలో మెట్లకు రెయిలింగ్ లేకపోతే చూసేవాళ్లు ఏమనుకుంటారని గొణుక్కుంటూ మధ్యాహ్నం దాకా మేకులు కొట్టాడు. వెల్డా నవ్వాపుకుని కాఫీ ఇచ్చింది.

మంచు పడకముందే తాళాలు చేతికొచ్చాయి. సామాను దింపడానికి వచ్చిన నొరీన్‌కు అక్క వసారాలో కనబడింది. తలుపు వేస్తోంది, తాళం తిప్పుతోంది, మళ్లీ తీస్తోంది.

“ఏం చేస్తున్నావక్కా? తాళం పట్టేసిందా?”

“లేదే. బాగానే ఉంది.”

“మరి?”

“ఉండవే, ఇంకొక్కసారి,” అని వెల్డా చెల్లెల్ని బయటే నిలబెట్టి, లోపలికెళ్లి గడియ పెట్టుకుంది.