ఆరింటికొచ్చే వ్యూ

ఆ రోజుల్లో నేను దేనికి భయపడేదాన్నని అడిగితే చెప్పడం కష్టం, దేనికి భయపడలేదో అడిగితే సులువుగా తేలిపోతుంది. బీయెడ్ పూర్తిచేసి భిలాయిలోనే ఒక స్కూల్లో ఎనిమిదో తరగతికి సైన్సు చెప్పడానికి కొత్తగా చేరాను. ఏడాది ప్రొబేషన్. ఏడాది చివర ప్రిన్సిపాల్ మేడమ్ సంతకం పెడితే ఉద్యోగం ఖాయం, లేకపోతే "థాంక్యూ బేటా" అని ఒక్క ముక్క చెప్పి పంపించేస్తారు. నాకు ముందు చేరినామెను అలాగే పంపించారట. ఆమె కుర్చీయే నాకిచ్చారు. దానికి ఒక కాలు పొట్టి. అది అటూ ఇటూ ఊగినప్పుడల్లా నాకు ఆమె గుర్తొచ్చేది (ఆమెను నేను ఒక్కసారి కూడా చూడలేదు, అయినా గుర్తొచ్చేది).

మేడమ్‌ను మేమంతా చాటుగా 'సైరన్ మేడమ్' అనేవాళ్ళం. ఉక్కు ప్లాంటు సైరన్ మోగితే ఊరంతా వాచీ చూసుకుంటుంది కదా, ఆవిడ వరండాలోకి అడుగుపెడితే స్టాఫ్ రూమంతా వాచీలు చూసుకునేది. లక్నో వైపు నుంచి వచ్చారు, భిలాయికి కొత్త. మనిషి చెడ్డది కాదని అందరూ అనేవారు గానీ, ఆ మాట అన్నవాళ్ళు కూడా గొంతు తగ్గించే అనేవారు. ఒకరోజు ఆవిడ హుకుం జారీ చేశారు. కొత్తగా చేరిన ప్రతి టీచరూ పాఠాల కోసం ఒక డిజిటల్ పని మొదలుపెట్టాలి, నెల తర్వాత అందరి ముందూ చూపించాలి. నాకప్పటికి కంప్యూటర్లో వచ్చినదల్లా దాన్ని ఆపడం. అదీ స్విచ్చి దగ్గర.

నన్ను ఆదుకున్నవాడు కంప్యూటర్ ల్యాబు చూసే సారు. అందరం 'కంప్యూటర్ భయ్యా' అనేవాళ్ళం. ఒక కాగితం మీద వరసగా రాసిచ్చాడు. "దీదీ, సబ్ ఫ్రీ హై. బ్లాగు ఫ్రీ, క్విజ్ పెట్టుకునే ఫారం ఫ్రీ, పోస్టర్లు చేసే యాప్ ఫ్రీ, నోటితో చెబితే టైపు చేసేదీ ఫ్రీయే. ఇంక భయమెందుకు?" అన్నాడు. భయం కూడా ఫ్రీయే కదా, దాన్నీ తీసుకున్నాను. చిట్కాలు కూడా చెప్పాడు. రోజూ కొంచెమైనా రాయాలట, చిన్న చిన్న పేరాలు రాయాలట, ముందు ఒక నెల ఎవరికీ చెప్పకుండా చెయ్యి తిప్పుకోవాలట, అన్నిటికంటే ముఖ్యం పాస్‌వర్డు సొంత తల్లిదండ్రులకు కూడా ఇవ్వకూడదట. బ్లాగు తెరిచేటప్పుడు నా సిమ్ పనిచెయ్యక, కోడ్ నాన్న ఫోనుకు రప్పించి, ఆ ఫోన్లోనే మొదటిసారి తెరిచాను. తర్వాత ఆ సంగతే మరిచిపోయాను. నాన్న ఫోను గుడ్ మార్నింగ్ పువ్వుల కోసమేనని నా ధీమా.

నోటితో చెప్పి టైపు చేయించడం మొదటిరోజే బెడిసికొట్టింది. కిరణజన్య సంయోగక్రియ మధ్యలో వంటింట్లోంచి అమ్మ "కూరలో ఉప్పేసినావేటే?" అనడం కూడా పాఠంలోకి ఎక్కింది. అదంతా తుడిచేసి ఖాళీ తెర ముందు కూర్చుంటే ఒక్క వాక్యం రాలేదు. నాన్నను అడిగాను. నాన్న ప్లాంటులో ఇనుము కరిగించే బ్లాస్ట్ ఫర్నేస్‌లో పనిచేసి రిటైరైన మనిషి. క్వార్టరు ఖాళీ చేసి ఊళ్ళోనే రుఆబాంధాలో చిన్న ఇల్లు కట్టుకుని ఏళ్ళు గడిచినా ఆయన ఒంట్లో షిఫ్టులు నడుస్తూనే ఉండేవి. పొద్దున్న ఆరు, మధ్యాహ్నం రెండు, రాత్రి పది. ఆ మూడు వేళలకూ ఏ పనిలో ఉన్నా ఒకసారి తలెత్తి ఉత్తరం వైపు, ప్లాంటు వైపు, చూసేవాడు.

"రాయడానికేటుందమ్మా? షిఫ్టులో ఏటయిందో అది రాయి," అన్నాడు. "లాగ్ బుక్ అలాగే రాసీవోళ్ళం. ఎన్నింటికి ఏటయినాది, ఎందుకయినాది, ఏటి సేసేం. ఉన్నదున్నట్టు రాయాల. నీ తర్వాత ఛార్జి తీసుకున్నోడు అది సదివే ఫర్నేస్ దగ్గిరికెల్తాడు. నువ్వు దాసినావనుకో, ఆడి సెయ్యి కాల్తాది."

నాకది బ్రహ్మాండంగా నచ్చింది. హిందీలో రాయడం మొదలుపెట్టాను (అప్పట్లో నా తెలుగు రాత నాన్న తప్ప ఎవరూ పోల్చుకోలేరు). లోకంలో బ్లాగులు రాసేవాళ్ళు ఎలా రాస్తారో నాకు తెలియదు. నేను మాత్రం మొదటి పీరియడ్, రెండో పీరియడ్ అని గీతలు గీసి, లోపం, కారణం, తీసుకున్న చర్య అని గళ్ళు పెట్టి, ప్లాంటువాళ్ళ కూతురిలా రాశాను. 'మూడో పీరియడ్. ఇద్దరు నిద్ర. కారణం: పాఠం. చర్య: ప్రయోగం చూపించాలి.' కింద ఒక క్విజ్, పక్కన ఒక పోస్టరు. రాయడం ఇంత హాయిగా ఉంటుందా అనుకున్నాను. ఆ హాయి పదిరోజులుంది.

పదకొండో రోజు రెండో పీరియడ్‌లో లోహాల పాఠం చెబుతున్నాను. చెప్పుల చప్పుడు వినిపించింది. సైరన్ మేడమ్ లోపలికి వచ్చి, సరదా పుట్టిందేమో, చాక్‌పీసు నా చేతిలోంచి తీసుకుని తనే నాలుగు ముక్కలు చెప్పారు. బ్లాస్ట్ ఫర్నేస్‌లో పైనుంచి ఇనుప ఖనిజం వేస్తే కిందనుంచి ఉక్కు వస్తుందన్నారు. ఇంకే ఊళ్ళో అన్నా చెల్లిపోయేది. భిలాయిలో పాలపళ్ళు ఊడని పిల్లకు కూడా తెలుసు, ఫర్నేస్ కింద వచ్చేది కరిగిన ఇనుమని, దాన్ని హాట్ మెటల్ అంటారని, అది వేరే షాపుకు (ప్లాంటులో ఒక్కో విభాగాన్నీ షాపంటారు) వెళ్ళి అందులోని కార్బన్ కాలిపోతేనే ఉక్కవుతుందని. ముందు బెంచీలో రెండు జడల పిల్ల లేచింది. వాళ్ళ నాన్న ఆ వేరే షాపులోనే క్రేన్ నడుపుతాడు. "మేడమ్, ఫర్నేస్ సే తో హాట్ మెటల్ నికల్తా హై. స్టీల్ తో మేరే పాపా కే షాప్ మే బన్తా హై," అంది. స్టీలు తయారయ్యేది మా నాన్న షాపులో అని, ఎంతో గర్వంగా.

"బైఠో," అన్నారు మేడమ్. కూర్చోమని. క్లాసులో ఉన్న కళ్ళన్నీ నా వైపు తిరిగాయి. ఫర్నేస్ మనిషి కూతుర్ని నేను. నేను డస్టర్ వైపు చూశాను. దాన్ని అంత శ్రద్ధగా చూసిన మనిషి మరొకరుండరు. ఆ పిల్ల మెల్లిగా కూర్చుంది. నలభైమంది నోటుబుక్కుల్లో 'ఫర్నేస్ నుంచి ఉక్కు' అని రాసుకున్నారు.

ఆ సాయంత్రం సిగ్గేసింది. సిగ్గేసినప్పుడు రాయడం చాలా ప్రమాదం, ఆ చిట్కా కంప్యూటర్ భయ్యా చెప్పలేదు. ప్లాంటులో 'నియర్ మిస్' అని ఒకటి రాస్తారు. ప్రమాదం జరగబోయి తప్పిపోతే, ఎవరికీ దెబ్బ తగలకపోయినా సరే, మళ్ళీ జరగకుండా రాసి పెడతారు. నేనూ రాశాను. తెలుగులో చెప్పాలంటే ఇలా ఉంటుంది. 'నియర్ మిస్. రెండో పీరియడ్. ప్రిన్సిపాల్ మేడమ్ ఫర్నేస్ నుంచి నేరుగా ఉక్కు వస్తుందని చెప్పారు. విద్యార్థిని సరిదిద్దింది, కూర్చోబెట్టారు. టీచరు పక్కనే ఉండి నోరు మెదపలేదు. గాయాలు: ఒక అమ్మాయి మొహం చిన్నబోయింది. కారణం: టీచరు భయం. చర్య: రేపు మొదటి పీరియడ్‌లో సరిచేయాలి.' మర్నాడు మొదటి పీరియడ్ వచ్చింది, వెళ్ళింది. నేను సరిచెయ్యలేదు. వరండాలో చెప్పుల చప్పుడు వినిపించింది మరి.

సరిగ్గా అప్పుడే బ్లాగులో వ్యూలు లెక్కపెట్టే చోటొకటి ఉంటుందని కనిపెట్టాను. నేను ఎవరికీ చెప్పని బ్లాగును ఎవరో చదువుతున్నారు! రోజుకు మూడుసార్లు, తూచినట్టు. పొద్దున్న ఆరింటికి ఒకటి, రెండింటికి ఒకటి, రాత్రి పదింటికి ఒకటి. కంప్యూటర్ భయ్యాకు చూపిస్తే, "మనిషెవరో చెప్పలేం దీదీ, కానీ ఊరు మాత్రం భిలాయే. బహుత్ టైమ్ కా పక్కా ఆద్మీ హై," అన్నాడు. టైముకు అంత పక్కాగా ఉండే మనిషి మా స్కూల్లో ఒక్కరే. దానికి తగ్గట్టు ఆ రోజే మేడమ్ మెట్ల దగ్గర ఎదురై, "ఆజ్‌కల్ బహుత్ లిఖ్ రహీ హో," అన్నారు. ఈమధ్య బాగా రాస్తున్నావే అని. (నోట్సు దిద్దడం గురించి అన్నారని తర్వాత తెలిసింది. అప్పటికి నేను రెండు పూటలు అన్నం మానేశాను.) పొద్దున్న ఆరయ్యేసరికి వణుకు మొదలయ్యేది. ఫోను పట్టుకుని ఆ అంకె వంక చూస్తూ కూర్చునేదాన్ని. సున్నా ఒకటి కాగానే ఫోను బోర్లా పెట్టేసేదాన్ని.

గురువారం నాడు నోటీసొచ్చింది. శనివారం స్టాఫ్ మీటింగులో మొదట నా బ్లాగు, పెద్ద తెర మీద. శుక్రవారం సాయంత్రం ఇంటికొస్తూనే చెప్పులైనా విప్పకుండా ఆ పోస్టు తీసేశాను. వెనక్కి వెళ్ళి చూశాను, లేదు. మళ్ళీ చూశాను, లేదు. ఆ రాత్రి మాత్రం హాయిగా నిద్రపోయాను.

శనివారం మేడమ్ తెర పక్కన కూర్చున్నారు. కంప్యూటర్ భయ్యా బ్లాగు తెరిచాడు. అన్నిటికంటే పైన, పెద్ద అక్షరాలతో, కొత్తగా స్నానం చేసొచ్చినట్టు కూర్చుని ఉంది: 'నియర్ మిస్. రెండో పీరియడ్.' కళ్ళు మూసుకున్నాను. కుర్చీ ఊగింది. ఆ ముందామె మళ్ళీ గుర్తొచ్చింది.

మేడమ్ పైకే చదివారు, చివరి గడి దాకా. కళ్ళజోడు తీసి తుడిచారు.

"మరి సరిచేశావా?" అని అడిగారు హిందీలో.

"నహీ, మేడమ్."

"ఎన్ని రోజులైంది?"

"తొమ్మిది రోజులు."

ఆవిడ మళ్ళీ తెర వైపు చూశారు. "తో కారణ్ సహీ లిఖా హై," అన్నారు. అయితే కారణం సరిగ్గానే రాశావు అని. "నాకు తెలియక చెప్పాను. నీకు తెలిసీ ఊరుకున్నావు. సోమవారం మొదటి పీరియడ్. నేనూ వస్తాను. ఈ పేజీ మాత్రం తియ్యకు." అని తర్వాతివాళ్ళను పిలిచారు.

ఇంటికొచ్చి నాన్న ముందు నిలబడ్డాను. ఆయన పనేనని ఎలా తెలిసిందంటే, ఆలోచించగా ఆలోచించగా ఆ బ్లాగు తెరుచుకుని ఉన్న రెండో ఫోను గుర్తొచ్చింది. "నాన్నా, నువ్వు నా బ్లాగులో ఏమైనా నొక్కావా?"

"నేనే అడుగుదావనుకుంటన్నాను," అన్నాడు, నాకంటే కోపంగా. "నిన్న పదింటికి సూస్తే పేజీ లేదు. లాగ్ బుక్కులో పేజీ సింపీసినావేటే? ఇన్నేళ్ళ సర్వీసులో ఒక్క కాయితం సింపలేదు నేను. అందులోనూ ఫర్నేస్ గురించి రాసిన పేజీ! సెత్తబుట్ట బొమ్మ కనబడితే నొక్కి సూసేను, అందులో పడున్నాది. తీసి మళ్ళీ ఎక్కించీసేను."

"అయితే రోజూ ఆరింటికీ రెండింటికీ పదింటికీ చూసేది..."

"మరి షిఫ్టు మారీటప్పుడు కాపోతే ఎప్పుడు సదువుతారు?" అన్నాడు. ఇన్నాళ్ళూ నేను వణికిపోయింది ఈయనకా అని ఏడుపొచ్చింది, ఆ వెంటనే నవ్వొచ్చింది. రెండూ కలిసొస్తే అమ్మ కంగారుపడి నీళ్ళు తెచ్చింది.

సోమవారం మేడమ్ వచ్చి చివరి బెంచీలో, పిల్లల మధ్య సర్దుకుని కూర్చున్నారు. నేను బోర్డు ముందు నిలబడి, పదకొండు రోజుల కిందట జరిగిన తప్పు ఇది, అప్పుడే చెప్పకపోవడం నా తప్పు అని చెప్పాను. రెండు జడల పిల్లను పిలిచి చాక్‌పీసిచ్చాను. అది ఫర్నేస్ గీసింది, కరిగిన ఇనుము మోసుకెళ్ళే బండి గీసింది, వాళ్ళ నాన్న షాపు గీసి, దాని మీద క్రేనులో వాళ్ళ నాన్నను కూడా గీసింది. చివరి బెంచీలో మేడమ్ బుద్ధిగా తన పుస్తకంలో ఎక్కించుకున్నారు. ఏడాది చివర సంతకం కూడా పెట్టారు. ఎందుకు పెట్టారో ఇప్పటికీ అడగలేదు, ధైర్యం చాల్లేదు.

ఇప్పుడు కొత్త టీచర్లకు బ్లాగులూ, ఫ్రీ యాప్‌లూ నేర్పించేది నేనే. పాస్‌వర్డు ఇంట్లోవాళ్ళకు ఇవ్వకండని మొదటి చిట్కాగా చెబుతాను, ఏమాత్రం మొహమాటం లేకుండా. నా బ్లాగుకు ఇప్పుడు పిల్లల వ్యూలు బోలెడు. అయినా పొద్దున్నే లేచి వంటింట్లో నిలబడి ఆరు దాటాక ఆ అంకె చూడటం మానలేదు. నాన్నకు చూపు తగ్గి, రెండింటి వ్యూ, పదింటి వ్యూ ఆగిపోయాయి. ఆరింటిది ఒక్కటే మిగిలింది. అప్పట్లో అది వస్తుందేమోనని భయం, ఇప్పుడు రాదేమోనని భయం.

ఈరోజు ఆరూ పదైనా రాలేదు. టీ కప్పు వంకతో వరండాలోకి వెళ్ళాను. నాన్న ఫోను మొహానికి ఆనించుకుని కూర్చున్నాడు.

"సదివేను లేయే. సగంలో ఆపీసినావేటి? నిన్న ఏదో అయినాది, నువ్వు దాసినావు," అన్నాడు తలెత్తకుండానే.

నిజమే, దాచాను. నిన్న స్కూల్లో నేను వరండాలోకి వస్తుంటే, కొత్తగా చేరిన అమ్మాయి నా చెప్పుల చప్పుడు విని చేతిలోని రిజిస్టరు జారవిడిచింది. తీసివ్వకుండా వాచీ చూసుకుంటూ వెళ్ళిపోయాను. నాన్న దగ్గర్నుంచి లోపలికొచ్చి ఆ ముక్క రాశాను. 'నియర్ మిస్' అని పెట్టి, కారణం దగ్గర కాసేపు ఆలోచించి, అదీ ఉన్నదున్నట్టే రాశాను. ఆరూ ఇరవైకి వ్యూ ఇంకొకటి పెరిగింది.