చిన్నదానికీ కాళ్ళున్నాయి

ఆ రోజుల్లో మా కాలేజీ సెపాక్ తక్రా జట్టులో ఒకటే తగువు: మంచి తెకోంగ్‌ని బయటినుంచి తెచ్చుకోవాలా, ఉన్నదాన్నే తీర్చిదిద్దుకోవాలా అని. ఆ ఉన్నదాన్ని నేనే కాబట్టి తగువంతా నా ముందే జరిగేది. ఆట మొదలయ్యాక చేత్తో ముట్టకుండా కాలితో, తలతో బంతిని వల దాటించే ఆట ఇది. జట్టుకి ముగ్గురే. వెనక గీసిన వలయంలో నిలబడి, తోటిపిల్ల విసిరిన బంతిని తలెత్తున తన్ని ఆట మొదలెట్టేదే తెకోంగ్. ఆమె తన్ను బాగుంటే ఆట సగం గెలిచినట్టే. నా తన్ను బాగుండేది కాదు.

అసలు నన్నెవరూ ఏరి తెచ్చుకోలేదు. జట్టుకి ఆట నేర్పే మా చిక్గు (మలేషియాలో పంతుల్ని ఇలాగే పిలుస్తాం) మా ఊరు హుటాన్ మెలింటాంగ్ వచ్చింది మా పెదనాన్న కూతురి కోసం. అక్క తన్నితే బంతి అవతలివాళ్ళ కంటికి ఆనేది కాదని చెప్పుకునేవారు. కానీ అక్క అప్పటికే జొహోర్‌లో ఫ్యాక్టరీ ఉద్యోగానికి వెళ్ళిపోయింది. అంత దూరం కారు నడుపుకొచ్చిన మనిషి మొహం వాడిపోతుంటే మా నాయనమ్మ చూడలేకపోయింది. టీ ఇచ్చి, వేయించిన ఎండుచేపలు పెట్టి, నన్ను చూపిస్తూ తనకొచ్చిన బజారు మలయ్‌లో ఏదో చెప్పింది. తర్వాత నాకు తెలుగులో విప్పింది: "పెద్దది నేకపోతే ఏటి, సిన్నదుంది గదా అన్నాను. దీనికీ కాళ్ళున్నాయి లా." (చివర ఆ 'లా' మా మాటకి మలయ్ అంటించిన తోక.) చిక్గు నా కాళ్ళకేసి చూశాడు. పొడుగ్గానే ఉన్నాయి. ఎండుచేపల మహిమో ఏమో, హాస్టల్ సీటుతో సహా నన్ను తీసుకున్నాడు. జట్టులోంచి తీసేస్తే ఆ సీటూ పోతుంది, నేను ఊరికొచ్చి రొయ్యలు వొలుచుకోవాలి.

మొదట్లో నేను తన్నిన బంతులు వల అవతలికి తప్ప అన్ని వైపులకీ వెళ్ళేవి. కోర్టు పక్కన క్యాంటీన్ ఆంటీ నేను వలయంలో అడుగుపెట్టగానే నూడుల్స్ గిన్నె మీద మూత పెట్టేసేది. మా కెప్టెన్ పెనాంగ్ పిల్ల. నోరు పదును, మనసు మంచిది. తమ ఊళ్ళో ఒక తెకోంగ్ ఉంది, తీసుకురండని చిక్గు చెవిలో ఇల్లు కట్టుకుని పోరింది. రెండో సెమిస్టర్‌కి ఆ పిల్ల రానే వచ్చింది. చూడముచ్చటగా తన్నేది. (అసూయ పడదామనుకున్నాను గానీ చప్పట్లు ముందే కొట్టేశాను.) నాకు బెంచీ దక్కింది. అయినా చిక్గు పొద్దున్నే నన్ను కోర్టుకి రమ్మనేవాడు. ఆమె ఉండగా నేనెందుకని అడిగితే బంతి విసిరేవాడు. ఒకరోజు ఆ కొత్తపిల్లే వచ్చి, నువ్వు బంతిని వదిలేసి అది పడబోయే చోటు చూస్తున్నావు అంటూ నా గడ్డం పట్టుకుని తిప్పింది. అప్పట్నుంచీ బంతి వల దాటడం మొదలెట్టింది.

తీరా పోటీల ముందు కౌలాలంపూర్‌లో ఒక పెద్ద కాలేజీ ఆ పిల్లని ఎగరేసుకుపోయింది. కెప్టెన్ ఒక పూట తిండి మానేసింది. (మర్నాడు రెండు పొట్లాల నాసి లెమాక్ కొబ్బరన్నంతో సరిచేసుకుంది.) మ్యాచ్‌కి నాయనమ్మ బస్సెక్కి వచ్చింది, జొహోర్ నుంచి అక్క ఫోన్‌లో వీడియో చూస్తోంది. నా మొదటి తన్ను వలకి తగిలింది, రెండోది రిఫరీ కుర్చీకి. చిక్గు ఆట ఆపించి నా దగ్గరికొచ్చాడు. తిడతాడనుకుని తల దించుకున్నాను.

"మీ ఇంటికి మీ అక్క కోసమే వచ్చాను, నిజమే," అన్నాడు మలయ్‌లో. "పొద్దున్నే లేచింది మాత్రం నీ కోసం."

వలయంలోకి వెళ్ళాను. బంతిని చూశాను, బంతిని మాత్రమే చూశాను. తగిలిన చప్పుడు నాకే కొత్తగా వినిపించింది. ఆ మ్యాచ్ గెలిచాం, తర్వాతది ఓడిపోయాం, నా సీటు నిలిచింది. ఈ తెకోంగ్‌ని కాలేజీకి పట్టిచ్చింది తానేనని నాయనమ్మ తిరుగుబస్సులో అందరికీ చెప్పిందట.

ఇప్పుడు కౌలా సెలంగోర్‌లో శనివారాలు నేనే ఆడపిల్లలకి ఆట నేర్పుతున్నాను. ఫలానా ఊళ్ళో మంచి తెకోంగ్ ఉందని ఎవరైనా చెబితే వెళ్ళి చూస్తాను, అందులో తప్పేం లేదు. కానీ వల కట్టేటప్పుడు ఒక్కోసారి హుటాన్ మెలింటాంగ్ నుంచి వచ్చిన ఆ పొడుగుకాళ్ళ పిల్ల గుర్తొస్తుంది. అంత బెంగ వద్దే అని చెప్పాలనిపిస్తుంది. చెప్పినా దాని బుర్రకి ఎక్కేది కాదు. నిద్ర, ఆకలి, భయం దానికి మూడూ ఒక్కసారే ముంచుకొచ్చేవి, పాపం.