నూకాలప్ప ఫెయిల్ చేసిన కారు

ఉదయం ఏడు. అప్పటికే చొక్కా ఒంటికి అతుక్కుపోయే ఉక్క. దేముడికి ఆకలి దంచేస్తోంది గాని ముద్ద దిగడం లేదు. ఎదురింటి నూకాలప్ప వచ్చి చిన్న సుత్తితో అతని కంచం అంచు మీద ఠంగుమనిపించి, చెవి పెట్టి వింది.

"కంచం పాస్. తిను."

సుత్తితో తట్టి మోత వినందే ఈ లోకంలో దేన్నీ నమ్మని మనిషి నూకాలప్ప. మొగుడు పోయాక రైల్వే వర్క్‌షాపులో అతని ఉద్యోగంలో చేరి, ముప్పై ఏళ్లు చక్రాలూ ఇరుసులూ తట్టి పగులుందో లేదో చెప్పింది. ఆవిడ రిటైరైంది, సుత్తి కాలేదు. కలకత్తా వైపు రైల్వే ఊళ్లో తెలుగువాళ్ల పేట సుభాష్‌పల్లిలో కొబ్బరికాయలూ, మంచం కోళ్లూ ఆవిడ పాస్ చేయాల్సిందే. టోటోవాళ్లు, అంటే బ్యాటరీ రిక్షాల వాళ్లు, "దీదీ, పాస్?" అని అడిగి గాని బేరానికి వెళ్లరు. పెళ్లిచూపులకొచ్చిన కుర్రాడి మోకాలు తట్టి "గుల్ల" అనేసింది. అంతే, ఆ సంబంధం వదిలేశారు.

"ఏటిరా, తినవేటి?"

"సంబరం అప్పా."

"సంబరానికి ముద్ద దిగదేటిరా?"

ముద్ద దిగనిది సినిమా వల్ల. పూరీ గేట్ దగ్గర తెలుగువాళ్లు బ్యాంకు దోపిడీ సినిమా తీస్తున్నారు. దొంగలు పారిపోయేది తాతలనాటి మూడు కార్లలో. నిగనిగలాడతాయి గాని తోస్తే తప్ప కదలవు. తొయ్యడానికి కూలికెళ్లిన దేముడి వెడల్పాటి వీపు చూసి డైరెక్టర్ ఆదర్శ్ ఎగిరి గంతేశాడు: "మా దొంగ వీపు ఇదే!"

ఇవాళ నల్లకారు మట్టిదిబ్బ ఎక్కి, గాల్లోకి లేచి, కాలవ అవతల పడాలి. వెనక సీట్లో బంగారం సంచితో దేముడు. టోటో ఎక్కితేనే రెండు చేతులతో కడ్డీ పట్టుకునే మనిషి! కానీ పెళ్లాం చిట్టెమ్మ అప్పటికే వీధంతా చాటేసింది. వద్దంటే పరువు పోతుంది. ఎక్కితే ప్రాణం పోతుంది.

షూటింగ్ దగ్గర జనం మూగారు. కారు కింద పెద్ద జాకీ పెట్టారు. దేముడి వెంటే వచ్చిన నూకాలప్ప కొంగు బిగించి వంగి, వెనక ఇరుసు మీద తట్టింది. ఖణేల్‌మంది. ఇరవై ఏళ్లుగా ఇనుము మోస్తున్న దేముడికి ఆ మోత తెలుసు. పగులు లేదు. అతని ఆఖరి ఆశ కూడా జారిపోయింది.

నూకాలప్ప అతని మొహం చూసింది. మళ్లీ తట్టింది.

"ఫెయిల్."

"గంటలా మోగిందమ్మా!" అన్నాడు ఆదర్శ్.

"నీకు పాటలు తెలుస్తాయి బాబూ, ఇరుసులు నాకు తెలుస్తాయి. ఇందల మనిసిని కూకోబెట్టినావంటే నాను దిబ్బకి అడ్డంగా తొంగుంటాను."

ఆ మాటకి కారు నడిపేవాడు దిగి దూరంగా వెళ్లి నిలబడ్డాడు. చేసేది లేక ఆదర్శ్ కారుని ఉన్నచోటే ఉంచి, నలుగురి చేత ఊపించి, ఇద్దరి చేత దుమ్ము కొట్టించాడు. దేముడు సున్నా స్పీడులో బంగారం ఎత్తుకుపోయాడు. చిట్టెమ్మ ఈల వేసింది.

సాయంత్రం కార్ల యజమాని, కలకత్తా బాబు, ఇరుసు విప్పించి, తుడిపించి, వీధి మధ్యకి మోయించుకొచ్చాడు.

"ఫాటా కోథాయ్, దీదీ? పగులేదీ?"

జనం చూస్తున్నారు. దేముడు నిజం చెబుదామని నోరు తెరిచాడు. నూకాలప్ప అతని కాలు గట్టిగా తొక్కింది. తర్వాత ఇరుసు తట్టి, చాలాసేపు చెవి ఆనించి, లేచింది.

"మోత ఇనబడ్డం నేదు బాబూ. సెవులు పోనాయి గావాల."

ముప్పై ఏళ్ల పేరు అలా పోయింది. మర్నాటి నుంచి టోటోలు అడక్కుండానే వెళ్లిపోయాయి. ఊరంతా ఆవిడ చెవి దగ్గర అరవడం మొదలుపెట్టింది. ఆవిడ "ఆఁ? ఏటీ?" అంటూ భరించింది.

నెల తిరక్కుండా పలాసలో కూతురి దగ్గరికి ప్రయాణమైంది. వీధి వీధంతా ప్లాట్‌ఫారం మీదికొచ్చి, "జాగర్తప్పా!" "ఉత్తరం రాయించప్పా!" అని గొంతులు చించుకుంది. నూకాలప్ప మాత్రం రైల్లో, చెవిటిదానిలాగే కిటికీకి వీపు పెట్టి, అటేపు చూస్తూ కూర్చుంది.

దేముడు ఆ కిటికీ దగ్గరికెళ్లి, పక్కనున్న చిట్టెమ్మకి కూడా వినపడనంత మెల్లగా అన్నాడు:

"అప్పా, టీ తాగుతావా?"

తల తిప్పకుండానే చెయ్యి వెనక్కి చాచింది నూకాలప్ప. దేముడు మట్టికప్పు అందులో పెట్టాడు. బండి కదిలింది.