లక్ష్మీరాజం పెట్టే పేర్లు

లక్సెట్టిపేటలో ఎవరింట బిడ్డ పుట్టినా లక్ష్మీరాజం పిలవకుండానే ఊడిపడతాడు. అయ్యగారు నక్షత్రం చూసి అక్షరం చెబితే చాలు, కళ్లజోడు నుదుటికెక్కించి, ఫోను ముక్కుకు ఆనించుకుని, ఆ అక్షరంతో మొదలై ఎక్సో జెడ్డో ఉన్న పొట్టి ఇంగ్లీషు మాట వెతికి దేవులాడతాడు. దొరికిందా, గుడ్డు పెట్టిన కోడిలా ఇల్లంతా తిరుగుతాడు. దేవుళ్ల పేర్లు ఆయనకు నామోషీ. తన పేరులో లక్ష్మి ఉన్న సంగతి మాత్రం గుర్తుండదు.

మొన్న సంపత్ కొడుకును తొట్టెలలో వేసేనాడు 'జీ' అక్షరం వచ్చింది. "జిప్ అని పెట్టుండ్రి. మూడే అక్షరాలు, జెడ్ గూడ ఉన్నది" అన్నాడు.

"జిప్పు తొడుక్కునే ప్యాంటుకుంటది గద కాకా!" అంది సంపత్ చెల్లెలు వనజ.

"నీకేం తెలుస్తది? జిప్పంటే చురుకు!"

పెద్దవాడని సంపత్ తలూపాడు. రేపు బడిలో పిల్లలు ఊరుకుంటారా అని బిడ్డ తల్లి కళ్లు నిండాయి. అయితే బిడ్డ చెవిలో పేరు చెప్పాల్సింది మేనత్తే. వనజ తొట్టెలలోకి వంగి మెల్లగా చెప్పింది. పక్కనున్న తల్లి అది విని, కళ్లు తుడుచుకుని నవ్వింది.

లక్ష్మీరాజం మెడ సాచాడు. "ఏం పేరు చెప్పినవే?"

"చెప్పాల్సినోనికి చెప్పిన. నువ్వు ఫోన్ల దేవులాడుకో కాకా."