నైట్ డ్యూటీ ఇంటి పిల్ల

నర్సరీ టీచర్ ట్రైనింగులో నాకు అన్నిటికన్నా కష్టమైన పాఠం అరగంట కదలకుండా కూర్చోవడం. మూలనున్న స్టూలు మీద కూర్చుని, ఒక్క పిల్లనే గమనిస్తూ, చూసింది చూసినట్టు నోట్‌బుక్‌లో రాయాలి. ఆ అరగంటా పిల్లతో మాట్లాడకూడదు, సొంత అభిప్రాయం రాయకూడదు. నాకేమో కాలు ఊపకుండా పది నిమిషాలు ఉండడం చేతకాదు. అప్పటికే బీకాం మధ్యలో మానేసి, రెండు ఉద్యోగాలు వదిలేసి వచ్చినదాన్ని. దీన్నైనా పూర్తి చేస్తానా అని వైశాలి నగర్‌లో మా ఇంటిల్లిపాదికీ అనుమానమే. నిజం చెప్పొద్దూ, నాకూ అనుమానమే.

ప్రాక్టికల్స్‌కి నన్ను చరోదాలో రైల్వే కాలనీ పక్కనున్న చిన్న బడికి పంపారు. నా వంతుకు వచ్చిన పిల్లకు నాలుగేళ్లు. వాళ్లదీ మాలాగే విజయనగరం వైపు నుంచి ఈ హిందీ ప్రాంతానికి వచ్చిన కుటుంబం, తండ్రికి రైల్వే యార్డులో ఉద్యోగం. ఆ పిల్ల అసలు నోరు విప్పేది కాదు. క్లాసు అయ్యాక తెలుగులో పలకరించినా అంతే, హిందీలో పలకరించినా అంతే. కుర్చీ జరపాల్సి వస్తే రెండు చేతులతో ఎత్తి, చప్పుడు కాకుండా పెట్టేది. ఎవరైనా టిఫిన్ డబ్బా కింద పడేస్తే ఉలిక్కిపడి గుమ్మం వైపు చూసేది. ఇవన్నీ నేను చూశాను. చూసి ఏం లాభం? మూడు వారాలకే విసుగెత్తిపోయి, మాటలు రాలేదు, భయస్తురాలు, పై తరగతికి పనికిరాదు అని రిపోర్టులో గీకి పడేశాను. దాని మీద తల్లి సంతకం తెస్తే పిల్లను ఇంకో ఏడాది చిన్న క్లాసులోనే ఉంచేస్తారు. నా ప్రాక్టికల్సూ అయిపోతాయి. నాకు కావలసింది ఆ రెండోదే.

సంతకం కోసం ఒక శనివారం పదకొండింటికి వాళ్ల క్వార్టరుకు వెళ్లాను. గొళ్లెం మోగించగానే తల్లి పరుగున వచ్చి, పెదవుల మీద వేలు పెట్టుకుని తలుపు తీసింది. ఇంటాయన నైట్ డ్యూటీ చేసొచ్చి పడుకున్నాడని గదివైపు సైగ చేసింది. నేను చెప్పులు చేత్తో పట్టుకుని, మునివేళ్ల మీద వంటింట్లోకి నడిచాను. ఎవరూ చెప్పలేదు, కాళ్లే అలా నడిచాయి. మా నాన్న స్టీలు ప్లాంటులో నైట్ షిఫ్టు చేసినన్నాళ్లూ మా ఇంట్లో పగటిపూట కుక్కరు పెట్టేవారు కాదు. అక్కా నేనూ దెబ్బలాడుకున్నా గుసగుసల్లోనే దెబ్బలాడుకునేవాళ్లం.

వంటింట్లో పిల్ల నాయనమ్మ బఠాణీలు ఒలుస్తోంది. పక్కన కూర్చుని ఆ పిల్ల ఆవిడకు కథ చెబుతోంది. ఒక పిల్లి, ఒక రైలు, రైల్లో ఎవరివో సమోసాలు. ఆపకుండా, ఊపిరి తీసుకోకుండా, సగం తెలుగు, సగం హిందీ, అంతా గుసగుసగానే. నాకు సిగ్గుతో తల కొట్టేసినట్టయింది. అలాంటి ఇంట్లోనే పుట్టి పెరిగి, మూడు వారాలు ఎదురుగా కూర్చుని, ఇంత చిన్న విషయం పోల్చుకోలేకపోయాను.

తల్లి పెన్ను అందుకుని, కాగితం అటూ ఇటూ తిప్పి, “ఏటి రాసినావమ్మా?” అని మెల్లగా అడిగింది. రిపోర్టు హిందీలో ఉంది, ఆమెకు హిందీ చదవడం రాదు. ఏదో ఒకటి చెప్పి సంతకం పెట్టించుకోవచ్చు. ఆ ఆలోచన రాలేదంటే అబద్ధం. కాలు ఊపుతూ కాసేపు కూర్చున్నాను. చివరికి రాసింది రాసినట్టు తెలుగులో చెప్పేశాను.

ఆమె అత్తగారి వైపు చూసింది. “గట్టిగా మాటాడొద్దని మేవే నేర్పినాం కదమ్మా,” అంది.

లోపల మంచం కిర్రుమంది. తండ్రి గుమ్మంలోకి వచ్చాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి, ఎంతసేపటి నుంచి మేలుకుని వింటున్నాడో తెలియదు. “నా నిద్ర కోసవేనేటి ఇదంతా?” అని అడిగాడు, పెళ్లాన్ని కాదు, నన్ను. కాగితం మడుచుకుని సంతకం లేకుండానే వచ్చేశాను.

ఆ సాయంత్రమే మా ట్రైనింగు మేడమ్‌కి ఫోన్ చేసి, తప్పు నాదేనని ఒప్పుకున్నాను. ఆవిడ తిట్టలేదు. మరి మూడు వారాలు ఏం చూశావని మాత్రం అడిగింది. రిపోర్టు చింపేసి, మళ్లీ మొదటి నుంచి రాయమంది. మామూలుగా అయితే ఆ మాటకే నేను కోర్సు మానేసేదాన్ని.

సోమవారం పిల్లను బడికి తండ్రే తీసుకొచ్చాడు. డ్యూటీ దిగి తిన్నగా వచ్చినట్టున్నాడు, చొక్కా నిండా గ్రీజు మరకలు. గేటు దగ్గర పిల్ల ముందు గొంతుక్కూర్చుని, “ఇక్కడ గట్టిగా మాటాడొచ్చు తల్లీ. ఇక్కడ నాను పడుకోను,” అన్నాడు.

పిల్ల ఆయన మొహంలోకి చూసింది, తర్వాత నా మొహంలోకి చూసింది. అన్నాళ్లలో మొదటిసారి నాతో మాట్లాడింది, అదీ గుసగుసగానే.

“సచ్చీ, దీదీ?”

నిజమేనమ్మా అని, గేటు దగ్గరున్న వాళ్లందరూ తిరిగి చూసేంత గట్టిగా చెప్పాను. చెబుతూనే ఏడ్చేశాను.